చెంపదెబ్బల చదువు

ఆలూరు పక్క పల్లెలో గొర్ల మంద ఉన్న కురువాయన గిడ్డయ్య. జొన్నకోతలు కాంగానే మందను తోలుకొని, సామాన్లు గాడిద మీదేసి, పెండ్లాం పిల్లలతో తూర్పుకు బయలుదేరేవాడు. పత్తికొండ, డోన్ దాటి, కుందేటి ఒడ్డు పట్టుకొని కడప జిల్లా మైదుకూరు దాకా పోయేవాళ్ళు. రైతుల చేలల్లో మందను ఆపితే ఎరువు కోసం వాళ్ళు గింజలిచ్చేవాళ్ళు. మళ్ళీ తొలకరికే ఇల్లు చేరడం. ఇట్లా తిరిగే పిల్లలకు బడి యాడ కుదురుతుంది? అందుకని గిడ్డయ్యే వాళ్ళకు అయ్యవారయినాడు.

చిన్నప్పుడు ఒక రెడ్డి ఇంట్లో జీతమున్నప్పుడు, వాళ్ళ పిల్లలకు చెప్పే పంతులు దగ్గర ఆయన చదువు నేర్చుకున్నాడు. తప్పు చదివితే ఆ పంతులు చేతులు దూలానికి కట్టి వేలాడదీసేవాడు. గిడ్డయ్య దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు. "నేను యాలాడినా కాబట్టే నాకు నాలుగచ్చరాలొచ్చినాయి" అనేవాడు.

ఆయన కూతురు సుంకులమ్మ. ఆమె కంటే రెండేళ్ళు చిన్నవాడు కొడుకు ఉరుకుందు. మంద నీడకు చేరినప్పుడు గిడ్డయ్య ఇసుక చదును చేసి, కట్టెతో అక్షరాలు గీసేవాడు. సుంకులమ్మకు ఒకసారి చూస్తే చాలు, పట్టుబడేది. ఉరుకుందుకు ఒత్తులు, దీర్ఘాలు కలిసిపోయేవి. గిడ్డయ్య పెట్టిన కట్టుబాటు ఏమంటే, ఎవరు తప్పు చదివితే వాళ్ళ చెంప మీద రెండోవాళ్ళు కొట్టాల. ఇద్దరూ సరిగ్గా ఒప్పజెప్పేదాకా ఇద్దరికీ సంగటి లేదు.

మొదట్లో సుంకులమ్మకు అది ఆట మాదిరే ఉండేది. తప్పు దొరికితే మొగం వెలిగిపోయేది. తమ్ముని చెంప ఎర్రగయితే నాయన "భేష్ సుంకీ" అనేవాడు. ఆ మాట కోసం చెయ్యి ఇంకొంచెం పైకెత్తేది.

తల్లి గంగక్క పొయ్యి కాడ నుంచి చూసేది. ఆమె బాధ వేరే. "మగపిల్లోన్ని ఆడపిల్లతో కొట్టిస్తాండావు. రేపు వాడు మొగోడెట్లయితాడు?" అనేది.

"పౌరుషం వస్తే వాడే నేర్చుకుంటాడులే" అనేవాడు గిడ్డయ్య.

ఉరుకుందుకు పౌరుషం రాలేదు, చదువూ రాలేదు. కొట్టకముందే కండ్లు మూసుకొని చెంప చూపించడం మాత్రం నేర్చుకున్నాడు.

ఒక ఎండాకాలం చాగలమర్రి దగ్గర మంద ఆపినారు. ఆ పొద్దు ఉరుకుందు ఒకే మాట దగ్గర మళ్ళీ మళ్ళీ తడబడినాడు. పొద్దు వాలింది. సుంకులమ్మకు ఆకలితో కడుపు మండిపోతాంది. పొయ్యి మీద సంగటి వాసన వస్తాంది. వీడు నోరు తెరవడు. ఆమెకు పట్టరాని కోపమొచ్చింది. ఈసారి నాయన చెప్పకముందే లేచి, అరచెయ్యి విప్పి తమ్ముని కుడి చెవి మీద కొట్టింది. వాడు పక్కకు ఒరిగి పడినాడు. చెవిలో నుంచి సన్నగా నెత్తురు కారింది.

గంగక్క వెల్లుల్లి నూనె కాచి పోసింది. నెత్తురు ఆగిపోయింది కానీ చీము పట్టింది. చీము ఆరిపోయేసరికి ఆ చెవికి ఇక ఏమీ వినపడలేదు. గిడ్డయ్య నమ్మలేదు. "సదువు ఎగ్గొట్టేదానికి దొంగ యేషాలు" అని కుడిపక్క నిలబడే పాఠం చెప్పేవాడు. వాడు వినపడక తప్పు చెప్పేవాడు. సుంకులమ్మ కొట్టాల. ఇప్పుడామె చెయ్యి మెత్తగా తగిలితే, గిడ్డయ్య కట్టె ఆమె వీపు మీద పడేది.

ఆలూరు తాలూకా బళ్ళారి నుంచి కర్నూలులో కలిసిన మరుసటి ఏడు, తొలకరికి ఇల్లు చేరినాక, గిడ్డయ్య పిల్లలకు తల దువ్వించి బడికి పిలుచుకపోయినాడు. తాను చెప్పిన చదువు ఎంత గట్టిదో బడిపంతులు నోట వినాలని ఆయన కోరిక. పంతులు మొదట ఉరుకుందుకు రెండు మాటలు చెప్పి రాయమన్నాడు. వాడు ఎడమ చెవి తిప్పుకునే లోపల మాటలయిపోయినాయి. పలక ఖాళీగా ఉండిపోయింది. పిల్లకాయలు నవ్వినారు.

"వాడు మొద్దు సామీ, వాన్ని గొర్లెంబడి తోలుతా" అన్నాడు గిడ్డయ్య. "నా బిడ్డను సూడండి. గడగడ సదువుతాది."

పంతులు ఒక వాచకం తెరిచి సుంకులమ్మ చేతికిచ్చినాడు. ప్రతి అక్షరం ఆమెకు తెలుసు. గోడ పక్క తమ్ముడు తల వంచుకొని నిలబడినాడు. ఆమె పుస్తకం మూసేసింది.

"నాకు రాదు" అనింది.

గిడ్డయ్య అందరి ముందరా కొట్టినాడు. మళ్ళా అదే మాట. పంతులు పుస్తకం తీసేసుకొని, "గొర్లు కాసేటోళ్ళకు ఇదంతా ఎందుకప్పా, పో" అన్నాడు. పిల్లకాయలు ఈసారి గిడ్డయ్యను చూసి నవ్వినారు.

ఇంటికొచ్చినాక గిడ్డయ్య గొర్లదొడ్డిలో కూతుర్ని నిలబెట్టినాడు. కొడుకును ముందరికి తోసి, "తప్పు చెప్పింది. కొట్రా" అన్నాడు.

తమ్ముడు కొట్టడనుకుంది సుంకులమ్మ. బడిలో వాని కోసమే తాను చదవలేదని వానికి తెలుసనుకుంది. ఉరుకుందు కొట్టినాడు. మళ్ళా కొట్టినాడు. రెండు చేతులతో కొట్టినాడు. ఆమె కింద పడితే మీదెక్కి కొట్టినాడు. వాని నోట్లో నుంచి ఏదో కేక వస్తాంది; ఏడుపో నవ్వో తెలియలేదు. "చాల్లేరా" అని గిడ్డయ్య అరిచినా వానికి వినపడలేదు. గంగక్క వచ్చి వాని జుట్టు పట్టి లాగితే గానీ వదల్లేదు. అప్పటికి సుంకులమ్మ ముందుపన్ను ఒకటి ఊడిపోయింది.

ఆ తరువాత గిడ్డయ్య పాఠాలు మానేసినాడు. బిడ్డ తన పరువు తీసిందని ఎదురొచ్చినోళ్ళకంతా చెప్పుకున్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒకే మందను కాచినారు. ఒకరు ముందర, ఒకరు వెనక. గొర్ల గురించి తప్ప వేరే మాట లేదు.

కొన్నేండ్లకు సుంకులమ్మను డోన్ అవతల పల్లెకిచ్చి పెండ్లి చేసినారు. బండెక్కే ముందు మీసాలు మొలుస్తాండే తమ్ముడు దగ్గరికొచ్చి, ఎడమ చెవి ఆమె పక్కకు తిప్పి నిలబడినాడు.

"అక్కా, ఆ పొద్దు నిన్ను కొట్టినప్పుడు నాకు శానా బాగుండె" అన్నాడు.

సుంకులమ్మ వాని మొగం చూసింది. వాడు అబద్ధం చెప్పడం లేదు.

"తెలుసు. మొదట్లో నాగ్గూడా అట్లే ఉండేది" అనింది.

బండి తోలేవాడు తొందరపెట్టినాడు. ఉరుకుందు ఆమె మూటను ఎత్తి బండిలో పెట్టి, గొర్లున్న దిక్కుకు నడిచినాడు.