పూత లేని వెండి

తెలంగాణ వచ్చిన మూడో ఏడాది వానాకాలం మొదట్లో నన్ను మహబూబ్‌నగర్‌లోని ఒక పరిశోధన కేంద్రానికి సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. హోదాలో డైరెక్టరు, శాస్త్రవేత్తలు, ఆ తరువాత నేను. లోహపు పొరల విభాగం నా అజమాయిషీలో ఉండేది. బోరు నీటిలో ఫ్లోరైడ్‌ను ఊళ్ళోనే కొలిచే చిన్న పరికరం తయారు చేయడం మా పని.

అందులో ముఖ్యమైనది ఒక గాజు పలక. గాలి తీసేసిన చాంబర్‌లో వెండిని ఆవిరి చేసి, పలక మీద యాభై నానోమీటర్ల పొరగా దించుతాం. ఒకానొక కోణంలో పడిన కాంతిని ఆ వెండి మింగేస్తుంది. పలకకు ఫ్లోరైడ్ అంటుకుంటే ఆ కోణం జరుగుతుంది. ఎంత జరిగిందన్నదే కొలత. చిక్కల్లా వెండితోనే. గాలిలోని గంధకానికి కాళ్ళ పట్టీలు నల్లబడ్డట్టే ఇదీ నల్లబడుతుంది, ఇక కొలతను నమ్మడానికి లేదు. అందుకే చాంబర్ తెరవకముందే వెండి మీద గాలి సోకనివ్వని అల్యూమినా పూత వేయాలి. పలచనైతే సూదిబెజ్జాలు మిగులుతాయి, మందమైతే పరికరం మొద్దుబారుతుంది. నాలుగైదు నానోమీటర్లే హద్దు.

ఆ పూత వేయడంలో సుజాతను మించినవాళ్ళు మా దగ్గర లేరు. కొత్తకోట నేత కుటుంబం అమ్మాయి, కాంట్రాక్టు టెక్నీషియన్.

మా పరికరాన్ని చూడడానికి సమీక్షా బృందం రావడానికి పది రోజుల ముందు డైరెక్టరు నన్ను పిలిచి పూత మానేయమన్నాడు. సిగ్నల్ పెద్దగా కనిపించాలట. రాసివ్వమన్నాను. ఇంత చిన్నదానికి కాగితమెందుకని నవ్వాడు. నేను నోరు మూసుకుని వచ్చి, ఆ మాటే సుజాతకు చేరవేశాను. ఆమె నోరు మూసుకోలేదు.

"సార్, పూత లేకుంటె గీ వెండి వారం దినాలు గూడ ఆగది. ల్యాబ్‌ల చూపెడితె చూపెట్టుండ్రి, ఊర్లకు మాత్రం పంపకుండ్రి."

పంపరులే అన్నాను. పంపారు. బృందం మెచ్చుకున్న ఊపులో అవే పలకలు తిరుమలగిరి పక్క పల్లెలకు వ్యాన్‌లో వెళ్ళాయి. గొర్లు కాసుకునే లింగమ్మ వాళ్ళ వాడలో బోరు నీళ్ళు మంచివని మా పరికరం చెప్పింది. అప్పటిదాకా దూరం నుంచి బిందెలతో మోసుకున్నవాళ్ళు ఆ రోజు నుంచి అవే తాగారు. రెండు నెలలకు జిల్లా ప్రయోగశాల రసాయన పరీక్ష చేసి, ఆ నీళ్ళు తాగడానికి పనికిరావని తేల్చింది. వెనక్కి వచ్చిన పలకలను సుజాత తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పొగచూరినట్టున్నాయి.

టెక్నీషియన్ పూత సరిగా వేయలేదని డైరెక్టరు నివేదిక రాయించాడు. తాను వద్దన్న పూత! సంతకానికి నా దగ్గరికి పంపాడు. అక్కడే చింపేయాల్సింది. చింపలేదు, సంతకమూ చేయలేదు. సుజాత రిజిస్టరులో "పూత లేదు, పై ఆదేశం" అని రాసిన పేజీని జతచేసి, పై అధికారులు వేసిన విచారణ కమిటీకి పంపాను. ఆదేశాన్ని ఆమెకు చేరవేసింది నేనేనని కూడా రాశాను.

జిల్లా ప్రయోగశాల ఫలితం వచ్చిన రోజే, విచారణ తేలేదాకా ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని డైరెక్టరు ఆదేశించాడు. ఈసారి మాత్రం కాగితం మీదే ఇచ్చాడు. పది రోజులు ఆగాను. ఆ ఆగడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. పదకొండో రోజు వెళ్ళి లింగమ్మకు చెప్పాను.

"మీకెన్నడెర్కైంది సారూ?" అంది.

పది రోజులైందన్నాను.

"పది దినాల సంది నా పిల్లలు గవే నీళ్ళు తాగుతుండ్రు. ఒక్క ఫోన్ చేసి చెప్పనీకి మీకు నోరు రాలేదా?"

ఆమె లోపలికి వెళ్ళి బిందెలు తెచ్చి, నా ముందే మోరీ కాలువలో కుమ్మరించింది.

కమిటీ దాన్ని "సాంకేతిక లోపం" అని రాసి ఊరుకుంది. డైరెక్టరు పై పదవికి వెళ్ళాడు. సుజాత కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమెను తిరిగి తీసుకొమ్మని నేను రాసిన మూడు లేఖలకూ జవాబు రాలేదు.

పూత లేని పలక ల్యాబ్ గడప దాటకూడదు. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని అమలు చేసినవాడు అందులో సగం తప్పు మోయాలి. ఇక నీళ్ళు చెడ్డవని తెలిస్తే ముందు తాగేవాళ్ళకు చెప్పాలి, కమిటీకి తరువాత.