పొట్టవైపు తోలు

మా అత్తగారు ప్రశ్నలు మొదలుపెట్టిందంటే ఎదుటివాళ్ళకి తల ప్రాణం తోకకి వస్తుంది. చేపల మార్కెట్లో ముప్పై ఏళ్ళుగా చేపలు కోస్తున్న మనిషి. ఆ చేప వలలో ఎప్పుడు పడింది, కొన్నవాళ్ళింట్లో ఎంతమంది, ఎవరి గొంతులో ముల్లు గుచ్చుకుంది, అన్నీ కావాలి ఆవిడకి. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ కలిసిపోయి ఒకటే వేలులా ఉంటాయి కాబట్టి మార్కెట్లో అందరూ నాలుగువేళ్ళత్త అంటారు. ఎప్పుడో కత్తి జారి ఉంటుందని అందరి ఊహ. నేనూ ఎప్పుడూ పరీక్షగా చూడలేదు, అదే అనుకున్నాను.

నేను పిల్లల ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో నర్సుని. కట్లు విప్పి మళ్ళీ కట్టడం నా పని. నన్ను చూడగానే ఏడుపు లంకించుకునే పిల్లలే ఎక్కువ. పదిహేనేళ్ళయినా నాకు అది అలవాటు కాలేదు.

మా ఆసుపత్రివాళ్ళు తిలాపియా అనే చేపల తోళ్ళు కావాలని మార్కెట్‌కి వెళ్ళిన రోజు మా అత్తగారు పగలబడి నవ్విందట. అప్పటిదాకా ఆ తోళ్ళన్నీ బకెట్లో పడి పిల్లుల పాలయ్యేవి. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే మొదలెట్టింది.

"చేపతోలు పిల్లల ఒంటికి అతికిస్తారటగా! నిజమేనా?"

"నిజమే అత్తయ్యా. కాలినచోట."

"పొలుసుతోనా?"

"పొలుసు తీసేసి, మందునీళ్ళలో నానబెట్టి, క్రిములు లేకుండా చేసి, ప్యాకెట్లలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతారు."

"నీచు వాసన రాదూ?"

"రాదు."

"మరి ఊడిపోదా?"

"పోదు. గాయాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కింద కొత్త చర్మం వచ్చాక ఎండిపోయి దానంతటదే లేస్తుంది."

ఆవిడ చేతిలోని గిన్నె కింద పెట్టి, "అయితే రోజూ కట్టు విప్పక్కర్లేదా?" అంది.

అక్కర్లేదన్నాను. ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆ వారంలో పదిసార్లు అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చి, "అక్కర్లేదంటే అక్కర్లేదు!" అని కసిరాను కూడా.

ఆ నెలలోనే వార్డులోకి నాలుగేళ్ళ పాప వచ్చింది. పొయ్యి మీది వేడినీళ్ళ గిన్నెని తన మీదికి లాక్కుందట. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళదాకా కాలింది. ముంజేతి మీద చేపతోలు చక్కగా అంటుకుంది. వేళ్ళ దగ్గరే మొండికేసింది. రెండుసార్లు వేశాం, రెండుసార్లూ మర్నాటికల్లా వేళ్ళ సందుల్లో పైకి లేచిపోయింది.

"రేపు ఇంకొక్కసారి చూద్దాం. అప్పటికీ నిలవకపోతే ఇక మామూలు కట్లే. రోజూ మార్చాల్సిందే, లేకపోతే వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతాయి" అంది మా డాక్టరమ్మ. అది విన్న పాప నా వంక చూసి, చెయ్యి దుప్పటి కింద దాచుకుంది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నానే గానీ ముద్ద దిగలేదు. అత్తగారు ఊరుకుంటుందా? ఏమైందో మొత్తం కూపీ లాగింది.

"వీపు తోలు వేశారా, పొట్ట తోలా?"

"తోలంటే తోలే కదా అత్తయ్యా!"

"నీ చదువు సంతకెళ్ళా! వీపువైపుది అట్టలా ఉంటుందే. వంచితే మళ్ళీ నిక్కుతుంది. పొట్టవైపుది పల్చన, చుడితే చుట్టుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా లాగుతున్నా, నా గోళ్ళకి తెలుసు. వేళ్ళకి అది వేసి చూడండి. ఇంతకీ పొట్టవైపుది ఏం చేస్తున్నారు?"

కత్తిరించి పారేస్తున్నాం. పల్చగా ఉంది, పనికిరాదని ప్యాకెట్ తెరవగానే ప్రతి తోలుకీ ఆ అంచు తీసి చెత్తబుట్టలో వేస్తున్నది నేనే.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర నసిగాను. "మా అత్తగారు ఏమంటున్నారంటే..." నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ప్యాకెట్ తెరిచి, రెండు అంచులూ వేళ్ళ మధ్య వంచి చూసి, "మనకెందుకు తట్టలేదు ఇది?" అంది. పల్చటి అంచుని సన్నటి పట్టీలుగా కోసి, వేలికొకటి చొప్పున సందుల్లోకి దిగేలా చుట్టింది.

మర్నాడు చూశాం. నిలిచింది. మూడోరోజూ నిలిచింది. నాలుగోరోజు నేను లోపలికి వెళ్తే పాప చెయ్యి దాచుకోలేదు. నేను బయటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చేశాను.

మూడు వారాలకి తోలు ఎండి ఊడొచ్చింది. ఆ రోజు డాక్టరమ్మే మా అత్తగారిని పిలిపించింది. చేతులు రెండుసార్లు కడిగించి, గౌను తొడిగి లోపలికి పంపాం. పాప ఐదు వేళ్ళూ విడివిడిగా చాపి చూపించింది. ఆవిడ తాకకుండా ఒక్కో వేలూ లెక్కపెట్టింది. పాప కళ్ళు మాత్రం ఆవిడ ఎడమచేతి మీదే ఉన్నాయి.

"అవ్వా, నీకెందుకు చేప వెయ్యలేదు?"

మా అత్తగారు ఆ చెయ్యి పాపకి బాగా కనబడేలా చాపింది. "అప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలీదమ్మా" అంది.

బస్టాపులో నిలబడ్డాక నేనే అడిగాను. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడ గురించి ఆవిడని నేనడిగిన మొదటి ప్రశ్న అది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎప్పుడు కాలింది అత్తయ్యా?"

"ఆరేళ్ళప్పుడు. రోజూ కట్టు విప్పేవాళ్ళు. మా అమ్మ కదలకుండా పట్టుకునేది. ఆ కట్టు విప్పే నర్సమ్మని ఒకసారి కొరికాను కూడా." బస్సు వస్తోందేమోనని రోడ్డు వంక చూసింది. "పాపం, ఆవిడా ఏడ్చేదే. నువ్వూ ఏడుస్తావా?"

"ఏడుస్తానత్తయ్యా."

"ముందే చెప్పొచ్చుగా" అంటూ ఆ నాలుగు వేళ్ళతో నా చెయ్యి పట్టుకుంది.