చీర చూసేవాళ్ల ముఖం

ధర్మవరంలో మా నాయనది పట్టుచీరల అంగడి. చాప మీద చీరలు పరిచాక, ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునే వేళకు ఆయన ఏదో ఒక సాకుతో లేచి బయటికి పోతాడు. "చీర చూసేటోళ్ల మొగం మనం చూడగూడదు. మొగమాటానికి కొంటారు, లేకుంటే మనసైంది వదిలేసి పోతారు" అంటాడు. నాకది వట్టి చాదస్తంగా అనిపించేది.

అంగడి వెబ్‌సైట్ చూసుకునేది నేను. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ చీర దగ్గర ఎంతసేపు ఆగారో చెప్పే టూల్ తగిలించింది కూడా నేనే. అట్లా గమనించడానికి అనుమతి అడిగే చోట "సరే"ను పెద్దగా, ఆకుపచ్చగా పెట్టాను. "వద్దు"ను కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్నది చేశాను. నంబరు ఇచ్చి, ఒకే చీరను మళ్లీ మళ్లీ చూసి కొనకుండా పోయేవాళ్లకు దానంతటదే మెసేజ్ వెళ్లేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మాకు దారం కండెలు చుట్టే అక్క, భర్త పోయాక కూడా అత్తగారింట్లోనే ఉండేది. గుత్తిలో ఒకాయన ఆమెను పెళ్లి చేసుకుంటానన్నాడు. ఆ మాట అత్తకు నెమ్మదిగా తానే చెప్పాలనుకుంది. ఈలోగా పెళ్లికి కట్టుకోవాలని మా సైట్‌లో ఒక చీరను రోజూ చూసుకునేదట. ఇవేవీ నాకప్పుడు తెలియవు. ఆ ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఫోన్. అది మరిది చేతిలో ఉండగా మా మెసేజ్ వెళ్లింది: "మీరు మెచ్చిన పెళ్లిచీర మీకోసమే ఎదురుచూస్తోంది." ఇల్లు రచ్చరచ్చ అయింది.

మర్నాడు ఆమె బట్టల సంచితో వచ్చి అంగడి గడప దగ్గరే నిలబడింది. నల్లమాడకు, పుట్టింటికి పోతోంది.

"అంగడికొస్తే నువ్వేమనుకుంటావో అని సిగ్గయి ఫోన్లో చూసుకుంటి పాపా. ఆడ గూడా నువ్వే కూసోనుండావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నాయన లేచి బయటికి పోయాడు.

ఆ రోజే మెసేజ్‌లు ఆపేశాను. "వద్దు"ను "సరే" అంత చేశాను. ఇప్పుడు చాలామంది "వద్దు"నే నొక్కుతున్నారు.

"ఏం పాపా, జనం తగ్గినారా?" అన్నాడు నాయన, టూల్‌లో తగ్గిన లెక్కలు చూసి.

"వస్తాండారు నాయనా. మనకే కనపడరు."

"అట్లే ఉండనీ."

ఆ పెళ్లి ఏమైందో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. ఆ చీర ఇంకా అమ్ముడుపోలేదు. నల్లమాడ నుంచి దాన్ని ఎవరైనా చూస్తున్నారేమోనని, టూల్ తెరవడానికి ఇప్పటికీ నా చెయ్యి పోతుంది. ఆ చెయ్యి నాదేనని తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.