పదిహేను అడుగుల లోపు

"మీరు ఏం తీస్తారండీ? ఎంత దూరం నుంచి?" అని కెమెరా షాపు అమ్మాయి మూడోసారి అడిగేసరికి పాస్‌పోర్టు ఫొటోల ఆయనకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళుగా ఆరడుగుల దూరంలో స్టూలు వేసి, మనుషుల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసినవాడు దూరం సంగతి ఏం చెబుతాడు, పాపం!

ఆదివారం ఆయన భార్యకు పరుగు పందెం. కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు పట్టేసిన మనిషి, ఆరు నెలలుగా పట్టుబట్టి పరుగు నేర్చుకుంది. ఎనిమిది కిలోమీటర్లు గంటలోపు పరిగెత్తితే పతకం. ఒక్క సెకను దాటినా లేదు. ముగింపు గీత దాటేటప్పుడు ఒక్క ఫొటో తీయమని మొగుణ్ణి అడిగింది, అంతే.

"పరుగులకైతే ఈ చిన్న జూమ్ లెన్సు చాలండీ. మనిషి దగ్గరికొచ్చినా అందుతుంది" అంది షాపు అమ్మాయి, పందెం సంగతి విని.

వెంట వచ్చిన బావమరిది ఊరుకుంటే కదా! "చిన్నదేంటి బావా, నలుగురిలో పరువు పోతుంది! ఆ పెద్దది తీసుకో. వీధి చివర ఈగ వాలినా కనిపిస్తుంది."

ఈయన పెద్దదే కొన్నాడు. అది దగ్గరికీ దూరానికీ తిప్పుకునే జూమ్ కాదు, పైగా పదిహేను అడుగుల లోపున్నదేదీ దానికి ఆనదు. ఆ మాట అమ్మాయి చెప్పింది కూడా. ఎవరు విన్నారు గనక!

ఆదివారం గీతకు అవతల, జనంలో గోడకు ఆనుకుని కాస్త చోటు దొరికింది. ఇక వెనక్కి జరగడానికి లేదు. భార్య మలుపు తిరిగింది. లెన్సు ఎత్తి ఆవిడ కోసం వెతికాడు. ఒకసారి భుజం దొరికింది, ఒకసారి చెవి, ఒకసారి ఎవరిదో టోపీ. బావమరిదిని మనసులో బండబూతులు తిట్టుకున్నాడు. ఈలోగా ఆవిడ గీత ముందుకే వచ్చేసింది. లెన్సులో ముఖం అలుక్కుపోయింది.

"వెనక్కి! వెనక్కి జరుగు!" అని గొంతు చించుకున్నాడు.

ఆవిడ ఠక్కున ఆగింది. రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన క్లిక్కుమనిపించాడు. ఆవిడ మళ్ళీ కదిలి గీత దాటేటప్పటికి గడియారంలో గంట మీద మూడు సెకన్లు. పతకాలిచ్చే ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఫొటో మాత్రం కనురెప్పలతో సహా స్పష్టంగా వచ్చింది. అందులో ఆవిడ గీతకు ఇవతలే నిలబడి ఉంది. ఆవిడ రొప్పుతూ వచ్చి చూసింది. తిడుతుందనుకుని ఆయన తల దించుకున్నాడు.

"మీరు జరగమంటే జరిగిపోయానేంటండీ నేను!" అని ఆవిడ తన నెత్తినే కొట్టుకుంది.