పగకు కొన్న పాత కెమెరా

ఇది చాలా ముందే రాయాల్సిన సంగతి. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. మా తండాకు బడి వచ్చేసరికి నాకు పెళ్లయిపోయింది. అంతకుముందు బడి ఉన్న ఊరు వాగు అవతల. తమ్ముణ్ని అక్కడికి పంపి మేకలను నాకు అప్పగించారు. ఇంట్లో మేం మాట్లాడే భాషకు లిపి లేదు. తెలుగు కూలి పనుల్లో చెవిన పడి వచ్చిందే. నలభై దాటాక రాత్రి బడిలో కూర్చుని నేర్చుకున్నాను. పట్టుదల చూసి పంతులమ్మ మెచ్చుకునేది. ఆ పట్టుదల ఒక మనిషి మీది పగ అని ఆమెకు తెలియదు.

ఆ మనిషి జనగామలో ఫొటో స్టూడియో నడిపేవాడు. తెలంగాణ కోసం వంటావార్పు చేస్తున్న రోజులవి. పిలుపు వస్తే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తినాలి. బండ్లన్నీ ఆగిపోవాలి. పాలకుర్తి దగ్గరి మా తండా నుంచి ఆడవాళ్లం ట్రాక్టరెక్కి జనగామ వెళ్లాం. రాళ్లు పేర్చి, తడి కట్టెలను ఊది ఊది, పెద్ద గంజులో అన్నం ఉడికిస్తున్నాం. పొగకు కళ్లలో నీళ్లు కారుతున్నాయి. అప్పుడు వచ్చారు అక్కడ ఉద్యమం నడిపే నాయకుడి ఇంటి ఆడవాళ్లు, గంజిపెట్టిన చీరల్లో. వాళ్ల వెనకే కెమెరాతో స్టూడియో ఆయన.

"ఏయ్ లంబాడామె, జర పక్కకు జరుగు. ఫ్రేముల పడుతున్నవ్," అన్నాడు నాతో.

"అన్నం మాడుతదన్నా."

"మాడనియ్. మీరు కనవడితె కూలికి వండిపిచ్చినట్టుంటది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చేతిలోని తెడ్డు లాక్కుని నాయకుడి భార్య చేతికిచ్చాడు. ఆమె గంజులో తెడ్డు పెట్టి కెమెరా వైపు చూసింది. అడుగున అన్నం మాడుతున్న వాసన నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు అంగడికి వచ్చి, ఆయన స్టూడియోకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో పేపరు చూశాను. ఫొటో అంచున నా ముంజేయి ఉంది. మోచేతి దాకా వేసుకునే మా తెల్ల గాజులను బట్టి గుర్తుపట్టాను. కింద ఏం రాశారో చదివి చెప్పమని హోటల్ తమ్ముణ్ని అడిగాను. నాయకుడి ఇంటి ఆడవాళ్ల పేర్లన్నీ చదివాడు.

"నీ పేరు లేదక్కా. చెయ్యి మాత్రం మస్తుగ పడ్డది," అని నవ్వాడు.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. అక్షరాలూ నేర్చుకోవాలి, కెమెరా కూడా కొనాలి. ఆయన పక్కకు నెట్టిన వాళ్లను నేను ఫొటో తీయాలి, నెడుతున్న ఆయనతో సహా.

మహబూబాబాద్‌లో ఉండే మా చెల్లెలింటికి చేరి, స్టేషన్ దగ్గరి ఒక స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరాను. వేరే పనులు దొరికినా పోలేదు. రాత్రి బడిలో చేరింది కూడా అక్కడే. కొన్నాళ్లకు లైట్లు పట్టుకోవడం, ఆ తర్వాత ఆడపిల్లల వేడుకలకు వెళ్లి ఫొటోలు తీయడం అప్పజెప్పాడు సేటు. పెద్ద కెమెరా ఆయనది. పని అయిపోగానే బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు.

ఒకసారి చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే ఇంజనీరు రైలు కోసం వచ్చి, ఫొటోలు ప్రింటు వేయించుకోవడానికి మా స్టూడియోలో ఆగాడు. ఆయన మెడలో పాతకాలపు డబ్బాలాంటి కెమెరా ఉంది. డిజిటల్‌దే. రేంజ్‌ఫైండర్ అంటారని చెప్పాడు. నన్ను చూడమన్నాడు. కెమెరా మూలన ఉన్న చిన్న అద్దంలోంచి చూస్తే గది అంతా మామూలుగానే కనిపించింది. మధ్యలో తెల్ల గీతలతో ఒక చట్రం. గీతల లోపల ఉన్నది ఫొటోలోకి వస్తుంది. బయట ఉన్నవాళ్లు రారు, కానీ కంటికి కనిపిస్తూనే ఉంటారు. సేటు కెమెరాలో అట్లా ఉండదు, అంచు దాటితే అంతా చీకటే. చూసిన క్షణంలోనే కొంటే ఇలాంటిదే కొనాలనుకున్నాను.

కొత్తది ఎప్పుడు కొందును, పాతది ఎక్కడ వెతుకుదును అని చాలాకాలం కొట్టుకులాడాను. ఇంతలో ఇంజనీరు తన కెమెరా అమ్ముతున్నట్టు కబురు చేశాడు. ఆయన కోస్తా మనిషి, బదిలీ మీద సొంతూరికి వెళ్తున్నాడు.

సేటు వద్దన్నాడు. "కొత్త మోడల్ వస్తున్నదట అక్కా. అది వచ్చినంక పాతయి సగానికి పడిపోతయి. కొత్తదానికైతె వారంటీ కూడ ఉంటది. గింత తొందరేంది నీకు?"

ఆయన చెప్పింది నిజమే. కానీ వచ్చే వారం జనగామలో మళ్లీ వంటావార్పు అని అప్పటికే మైకుల్లో చెబుతున్నారు. రాష్ట్రం రేపో మాపో వస్తుందంటున్నారు. వచ్చేస్తే పొయ్యిలు రోడ్డెక్కవు, జనగామ స్టూడియో ఆయనకు మమ్మల్ని నెట్టే పనీ ఉండదు. అందరూ రాష్ట్రం తొందరగా రావాలని మొక్కుతుంటే, నేను మాత్రం ఇంకొక్క వారం ఆగి రమ్మని మొక్కుకున్నాను.

మా అమ్మ పెట్టిన వెండి కడియాలు అమ్మి భూపాలపల్లి బస్సెక్కాను. చెల్పూర్‌లో ఇంజనీరు క్వార్టర్ ముందు నిలబడి కెమెరా పట్టి చూశాను. ఆ కెమెరాలో ఒక వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. రింగు తిప్పి రెండింటినీ ఒకటి చేస్తేనే ఫొటో స్పష్టంగా వస్తుంది. దూరాన ఉన్న ప్లాంటు పొగగొట్టం ఎంత తిప్పినా ఒకటి కాలేదు.

"గిదేంది సారూ, గొట్టం రెండుగ కనవడుతున్నది?"

నా మాట తీరుకు ఆయన నవ్వాడు. "ఏదీ, మళ్లీ అను?"

"నవ్వితె నవ్వు గాని, నిజం చెప్పు."

"దూరానికి కొంచెం తేడా చేసిందమ్మా. బాగుచేయించాలంటే బయటికి పంపాలి, నెలలు పడుతుంది. నువ్వు ఆగగలిగితే నేనే చేయించి పంపుతాను."

పెరట్లో బట్టలారేస్తున్న ఆయన భార్య వైపు తిప్పాను. పది అడుగుల దూరం. రెండు బొమ్మలూ వచ్చి ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయాయి. నేను తీయాల్సిన మనిషి కూడా అంతకన్నా దూరంలో ఉండడు. అప్పటికప్పుడే తీసుకున్నాను.

వంటావార్పు రోజున కెమెరా కొంగు కింద పెట్టుకుని మా తండా ఆడవాళ్లతోనే వెళ్లాను. స్టూడియో ఆయన మారలేదు. నాయకుడి భార్య రాగానే మా వదిన చేతిలోంచి తెడ్డు లాక్కుని, రెండో చేత్తో ఆమె భుజం పట్టి నెట్టాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి, ఫ్రేముల పడుతున్నరు!" నేను అద్దంలోంచి చూశాను. గీతల లోపల నాయకుడి భార్య ఒక్కతే ఉంది. వదిన బయట, ఆయన చెయ్యి బయట. వెనక్కి రెండడుగులు వేశాను. అందరూ లోపలికొచ్చారు. నొక్కాను. చప్పుడు ఎంత మెల్లగా అయిందంటే, ఆయన తలైనా తిప్పలేదు.

సాయంత్రం రైలుకే మహబూబాబాద్ వెళ్లి పెద్ద సైజులో ప్రింటు వేయించాను. కింద మా వదిన పేరు, పొయ్యి దగ్గరి మిగతా ఆడవాళ్ల పేర్లు, చివర ఆయన పేరు నా చేత్తో నేనే రాశాను.

మర్నాడు పొద్దున జనగామలో ఆయన స్టూడియో తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాను. ఫొటోలకు ఫ్రేములు కట్టేది కూడా ఆయనే. ప్రింటు బల్ల మీద పరిచాను.

వంగి, కింది పేర్ల దాకా చూశాడు. "ఎవరు తీసిండ్రు?"

"నేనే. ఫ్రేము కట్టన్నా."

"అంచు కోస్తె సక్కగుంటది." తన చెయ్యి ఉన్న చోట బొటనవేలు పెట్టాడు.

"కొయ్యొద్దు. ఎవ్వరూ పోవద్దు. మంచిగ కట్టు."

మేకులన్నీ ఆయన చేతే కొట్టించాను. అడిగినంతా ఇచ్చి, ఫ్రేము ఎత్తుకుని రోడ్డు దాటాను. హోటల్ తమ్ముణ్ని అడిగి, స్టూడియోకు సరిగ్గా ఎదురు గోడకు తగిలించాను. దాని కింద కూర్చుని చాయ్ చెప్పాను.