అక్క పాడని చరణం

నా చిన్నప్పుడు మా ఊరి బళ్ళో పేట పిల్లలు గది లోపల కూర్చునేవారు కాదు. పేట అంటే కాలవ అవతల ఉండే మాలపేట. అక్కడి నుంచి వచ్చే పిల్లలకి గుమ్మం బయట, చూరు కింద, ఒక మట్టి అరుగు ఉండేది. మెడలు సాచి లోపలి నల్లబల్ల చూసేవారు. జల్లు కొడితే పలకలు పొట్టకి అదుముకుని గోడకి నక్కేవారు. దాహం వేస్తే దోసిలి పట్టి నిలబడితే మాలో ఎవరో ఒకరు పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో మాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

మాది నరసన్నపేట దగ్గర వరి పండించుకునే చిన్న ఊరు. మా తాతయ్యకి పెద్ద ఆస్తి లేకపోయినా ఆయన మాటకి ఊళ్ళో విలువుండేది. బడికి ఒక్కరే మేష్టారు. ఆయనది విజయనగరం వైపు. తరతరాలుగా గుళ్ళో పాడుతూ, నలుగురికీ సంగీతం చెబుతూ బతికిన కుటుంబం. ఆ వేసవిలో ప్రభుత్వం వాళ్ళు మేష్టర్లందరినీ శ్రీకాకుళం పిలిపించి కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చారట. బళ్ళో అంటు పాటించకూడదనీ, పిల్లలందర్నీ కలిపి కూర్చోబెట్టాలనీ చెప్పి పంపారట. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, బడి తెరిచిన రోజున మేష్టారు చంకలో శృతిపెట్టె పెట్టుకుని వచ్చారని.

జెండా పండగకి ఒక పాట నేర్పుతానన్నారు. పాట ఆయన కట్టిందే, మొదటి వాన పడ్డాక దుక్కికి వెళ్ళేవాళ్ళ గురించి. అరుగు మీది వాళ్ళతో సహా అందర్నీ ఒక్కొక్కరిగా పిలిచి, శృతిపెట్టె తిత్తి ఆడిస్తూ, కళ్ళు మూసుకుని మా గొంతులు విన్నారు. సన్న గొంతుల వాళ్ళని కిటికీ వైపు, బొంగురు గొంతుల వాళ్ళని గోడ వైపు, మిగిలిన వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టారు. "గొంతులు ఒకదానికొకటి అలవాటు పడాలర్రా. రోజంతా ఇలాగే కూర్చోండి" అన్నారు. మేం నమ్మేశాం. అందర్నీ కలిపి కూర్చోబెడతానని ముందే చెప్పి ఉంటే ఆ సాయంత్రమే ఊరు ఆయన మీద పడేది. గొంతు పేరు చెప్పేసరికి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో మాకు పట్టనే లేదు.

నా పక్కన పేట నుంచి వచ్చే ఒక పిల్ల. నాకంటే కొంచెం పెద్దది. బడి మొత్తానికి అంత సన్నని, అంత తేటైన గొంతు ఇంకోటి లేదు. అందుకని రెండో చరణం ఆ పిల్ల ఒక్కర్తే పాడాలని, తర్వాత మేమంతా అందుకోవాలని మేష్టారు ఏర్పాటు చేశారు. నేనెప్పుడూ ముందే అందుకుని పాడు చేసేదాన్ని. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుని, ఎత్తుకోవలసిన చోట మెల్లగా నొక్కేది. "ఊపిరి దాసుకో. అప్పుడే అయిపోతాదేటి పాట?" అనేది నవ్వుతూ. కొద్ది రోజులకే ఆ పిల్లని అక్కా అని పిలవడం నాకు అలవాటైపోయింది.

ఆ పిలుపే కొంప ముంచింది. ఒక సాయంత్రం అన్నం తింటూ, "అక్క ఎంత బాగా పాడతాదో" అన్నాను.

"ఎవుర్తే ఆ అక్క?" అంది మా నాన్నమ్మ.

"పేట అక్క. నా పక్కన కూకుంతాది కదా."

నాన్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తినే అన్నం మీద నుంచి లేపి నూతి దగ్గరికి తీసుకెళ్ళి, నా నెత్తి మీద చేదతో నీళ్ళు పోసింది. నేనేం చేశానో అర్థం కాక ఏడుస్తున్నాను. మా తాతయ్య చుట్ట కాల్చుకుంటూ చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరి పెద్దలతో కలిసి బడికి వచ్చారు.

"మేస్టారూ, పాటలు సెప్పండి, లెక్కలు సెప్పండి. ఎవుల పక్కన ఎవులు కూకోవాలో మీకెందుకండి?" అన్నారు తాతయ్య.

"శిక్షణలో మాకు చెప్పింది ఇదే బాబూ. చట్టం కూడా ఇదే చెబుతోంది" అన్నారు మేష్టారు.

"ఆ కొండల మీది గొడవ మా బళ్ళోకి తెచ్చినారేటి?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

మేష్టారి ముఖం పాలిపోయింది. అవి కొండల వైపు గిరిజనులు భూస్వాముల మీద తిరగబడిన రోజులు. ఆ మాట పోలీసుల చెవిన పడితే చాలు, మనిషి ఏమైపోతాడో తెలియదు. ఆయన వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నేను అక్క చేయి గట్టిగా పట్టుకున్నాను. "నాను అక్క కాడే కూకుంతాను తాతా" అన్నాను. తాతయ్య కోప్పడలేదు. "లెగు" అని నా రెక్క పట్టి లేవదీశారు. అక్క తనే మెల్లగా తన చేయి విడిపించుకుంది.

ఆ రోజు నుంచి ఊరి పిల్లలెవరూ బడికి వెళ్ళలేదు. అవి ఉబాల రోజులు, నాట్లు వేసే కాలం. మీ పిల్లలు బడి గదిలో అడుగు పెడితే రేపటి నుంచి పనిలోకి రావద్దని పేటలో చెప్పి వచ్చారు. వాళ్ళ పిల్లలూ మానేశారు. మేష్టారు మాత్రం రోజూ వేళకి గంట కొట్టేవారు. మా వీధిలోకి వినిపించేది. కొట్టి, ఖాళీ గదిలో కూర్చునేవారట. జెండా పండగ నాడు జెండా ఎగిరింది గానీ పాట లేదు.

కొన్నాళ్ళకి కబురొచ్చింది. శిక్షణ ఇచ్చిన అధికారి బడి చూడడానికి వస్తున్నాడని. బడి పోతుందేమోనని పెద్దలకి భయం పట్టుకుంది. ఆ ఒక్క పూటకి పిల్లలందర్నీ కలిపి కూర్చోబెట్టుకోమన్నారు. పేటకీ చెప్పి పంపారు. ఆ పొద్దున్న అందరం వెళ్ళి ఎవరి గొంతు వరసలో వాళ్ళం కూర్చున్నాం. అక్క రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది. పొలానికి పోతూ, గుమ్మానికి దూరంగా ఆగింది.

"పిల్లని పంపనేదు బాబూ, ఏటనుకోకండి. ఈ పూట లోపల కూకోబెట్టి, రేపు మల్లీ అరుగు మీదకి పొమ్మంతే ఆ గుంట మనసు ఏటైపోతాది? ఒకపాలి సూసినాను. నాలుగు రోజులు కూడు ముట్టనేదు."

మేష్టారు చేతులు జోడించారు. "మీరు చెప్పింది నిజం తల్లీ" అన్నారు. ఆవిడని ఎవరైనా 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు. తర్వాత మా వైపు తిరిగి, "రెండో చరణం ఎవరూ పాడకండి. అది ఆ అమ్మాయిది" అన్నారు.

జీపు వచ్చింది. అధికారి లోపలికి వచ్చి మా వరసలు చూసి ఎంతో సంతోషించాడు. పాట మొదలుపెట్టాం. రెండో చరణం దగ్గర అందరం ఆగిపోయాం. శృతిపెట్టె ఒక్కటే మోగుతోంది. నా మణికట్టు నేనే పట్టుకుని కూర్చున్నాను.

"ఏం, మర్చిపోయారా?" అన్నాడాయన.

మేష్టారు శృతి ఆపి, దాచకుండా అంతా చెప్పేశారు. ఈ వరసలు ఈ పూటకేననీ, ఆ చరణం పాడవలసిన పిల్ల ఎందుకు రాలేదో కూడా. గుమ్మంలో నిలబడ్డ మా తాతయ్య తల దించుకున్నారు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "మా చేతనైనంత చెప్పాం మేష్టారూ. మనసులు మారడానికి టైము పడుతుంది. మీరు కొంచెం తొందరపడ్డారు" అన్నాడు. కొబ్బరి బొండం తాగి జీపెక్కాడు.

మర్నాటికి పేట పిల్లలు మళ్ళీ అరుగు మీదికి వెళ్ళిపోయారు. దసరా రాకముందే మేష్టారికి శృంగవరపుకోట అవతల ఎక్కడికో బదిలీ అయింది. బస్సు ఎక్కుతుంటే సాగనంపడానికి ఊరి నుంచి ఎవరూ వెళ్ళలేదు. నన్ను వెళ్ళనివ్వలేదు.

అక్క మరి బడికి రాలేదు. ఒకసారి కలుపు తీసే ఆడవాళ్ళలో కనిపించింది. గట్టు మీద నుంచి "అక్కా!" అని అరిచాను. నడుం ఎత్తి చూసి, చుట్టూ ఎవరెవరున్నారో ఒకసారి చూసుకుంది. గబగబా దగ్గరికి వచ్చి, "అలాగ పిలవకండమ్మా. ఎవులైనా ఇంతారు" అంది. నన్ను మీరు అంది. అక్క మళ్ళీ కలుపులోకి వంగిపోయింది.

తర్వాత నేనూ టీచర్నయ్యాను. సమానత్వం గురించి శిక్షణలకి నన్నూ పంపేవారు. చివర్లో ఎవరో ఒకరు అడిగేవారు, మీ బళ్ళో పిల్లలందరూ కలిసే ఉంటున్నారు కదా అని. హాలంతా ఒక్క గొంతుతో అవునండీ అనేది. నేను మాత్రం అనేదాన్ని కాదు. లేచి నిలబడి, మా బళ్ళో ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం లేదో, ఎవరు మానేశారో చెప్పేదాన్ని. అడిగినవాళ్ళు తల ఊపి వేరే విషయంలోకి వెళ్ళిపోయేవారు. మేష్టారి వల్ల అయింది లేదు, నా వల్ల అయిందీ పెద్దగా లేదు. కానీ బాగాలేనిదాన్ని బాగుందని మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు.