వెనక వరుసకు ఆవగింజ

చర్చిలో నడిపే ఆదివారం బడిలో, యేసు చెప్పిన ఆవగింజంత విశ్వాసం గురించి చెబుతూ, ఒక గింజను అరచేతిలో పెట్టి పిల్లలకు చూపించాను. వెనక వరుసలో ఒక పాప లేచి, "సార్, చేతిల ఏం లేదు గద!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పాప నిజంగానే మెడ చాచి వెతుకుతోంది.

"వచ్చే వారం పెద్ద ఫొటో తెస్తా, నీకు కూడా కనబడుతుంది" అని మాటిచ్చాను.

అప్పుడు మేం ఇస్నాపూర్‌లో హైవే పక్కన కిరాయికి ఉండేవాళ్లం. నా దగ్గరొక పాత కెమెరా ఉండేది. లెన్సు ఊడదీసి తిరగేసి పట్టుకుంటే చిన్న వస్తువు పెద్దగా పడుతుందని, రీళ్లు కడిగించే ఫొటో స్టూడియో అతను చెప్పాడు. కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల కాగితం పరిచి, వెలుతురు తిరిగి పడేలా నేను పనిచేసే కంపెనీ నుంచి తెచ్చిన థర్మోకోల్ ముక్క నిలబెట్టాను. నడుమ ఒక్క ఆవగింజ.

"పోపు డబ్బా ముందర వేసుకొని ఏం చేస్తున్నవయ్యా?" అంది మా ఆవిడ.

"దేవుని పని."

"పని దేవునిదే, ఆవాలు మాత్రం నావి. జెర మిగిలియ్యి."

కెమెరా గింజకు బెత్తెడు దూరంలో ఉండాలి. కాస్త కదిలినా మసకే. ఏ పనైనా ప్రార్థనతోనే చేయడం మా ఇంటి పద్ధతి. అందుకని గింజ స్పష్టంగా కనబడగానే ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని, లోలోపల ప్రార్థించి, "ఆమెన్" అంటూ మీట నొక్కేవాణ్ని. కళ్లు తెరిస్తే గింజ కాగితం అంచున ఉండేది. లారీల అదురుకు ఫొటో పడ్డాక దొర్లిందనుకుని, మళ్లీ పెట్టి మళ్లీ తీశాను. అలా రీలు చివరికొచ్చింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వింది. "లారీ లేదు, గీరీ లేదు. నువ్వు ఆమెన్ అంటే నీ ఊపిరికే గింజ ఉరుకుతుంది! మనసుల అనుకోరాదా? దేవునికి చెవుడా ఏంది?"

తీసినవన్నీ ఖాళీ కాగితాలే! రీలులో ఇంకొక్క ఫొటోకే చోటు మిగిలింది. పాప ముఖం గుర్తొచ్చింది.

మా ఆవిడ వేలు తడి చేసుకుని గింజను అద్దుకుంది. "ఇగ ఇది యాడికీ పోదు. జల్దీ తియ్యి, పొయ్యి మీద పప్పున్నది."

ఈసారి కళ్లు తెరిచే ప్రార్థించాను.

"ఖాళీ కాగితాలకు రీలంతా పెట్టినవేంది సార్?" అన్నాడు స్టూడియో అతను. చివరి ఫొటోను మాత్రం వెలుతురులోకి పట్టుకుని చూశాడు. పసుపు అంటిన వేలి గీతల మీద, నల్లటి బండరాయిలా ఆవగింజ.

ఆదివారం, పెద్దది చేయించిన ఆ ఫొటోను అందరికంటే ముందు వెనక వరుసకే ఇచ్చాను. పాప తన వేలిని ఆ వేలి పక్కన పెట్టి చూసుకుంది. "గింత చిన్నగుంటదా సార్? నాకొకటి ఇయ్యవా?"

పాప అడగగానే అందరూ అడిగారు. మా ఆవిడ పంపిన ఆవాల పొట్లం విప్పాను. పిల్లలంతా వేళ్లు నాకి, తలా ఒక గింజ అద్దుకున్నారు. ముగింపు ప్రార్థనకు గది అదిరేలా ఆమెన్ అన్నారు. పాప కళ్లు తెరిచి వేలు చూసుకుని, నా వైపు ఎత్తి చూపించింది. గింజ అక్కడే ఉంది.